అంతా బాగుంది సిస్టర్

మార్కాపురం దాటి కొనకనమిట్ల వైపు పోతుంటే రోడ్డు పక్కన ఒక పొడవాటి రేకుల షెడ్డు కనిపిస్తుంది. ఒకప్పుడు అది పలకల ఫ్యాక్టరీ. మూతపడ్డాక చాలాకాలం ఊరికే పడి ఉంది. తర్వాత ఒక ట్రస్టు వాళ్ళు దాన్ని కొని, లోపల గోడలు లేపి, ఫ్యాన్లు బిగించి, మంచాన పడ్డ ముసలివాళ్ళను చూసుకునే ఆశ్రమంగా మార్చారు. ఇంట్లో అందరూ పనికి పోతే పగలు చూసే దిక్కు లేనివాళ్ళు, పక్షవాతం వచ్చి ఇంకొకరి చేయి పడనిదే పక్కకు తిరగలేనివాళ్ళు అక్కడికి వచ్చేవారు. వచ్చినవాళ్ళలో తిరిగి ఇంటికి నడిచిపోయినవాళ్ళు దాదాపు లేరు.

ఫర్జానా ఆ ఆశ్రమానికి ఇన్‌చార్జి నర్సు. అంతకుముందు ఒంగోలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసేది. తల్లి రహమత్బీకి చూపు మందగించి, పొయ్యి దగ్గర రెండుసార్లు చేయి కాల్చుకున్నాక ఉద్యోగం మానేసి మార్కాపురం వచ్చేసింది. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోమని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు.

ఆమె చేరిన కొత్తలోనే ఒక పెద్దాయన కడుపు ఉబ్బి, రెండు పగళ్ళు మెలికలు తిరిగి చచ్చిపోయాడు. ఆరా తీస్తే ఆయనకు వారం పైగా విరేచనం కాలేదని తేలింది. పగటివాళ్ళు రాత్రి అయి ఉంటుందని అనుకున్నారు. రాత్రివాళ్ళు పగలు అయి ఉంటుందని అనుకున్నారు. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ పని ఎగ్గొట్టలేదు. ఒకరినొకరు అడగలేదు, అంతే. రాత్రి డ్యూటీవాళ్ళు ఆరింటి బస్సుకు వెళ్ళిపోయేవారు, పగటివాళ్ళు ఆ తర్వాత ఆటోలో దిగేవారు. ఇద్దరికీ ముఖపరిచయమే లేదు.

అప్పుడే ఫర్జానా పొద్దుటి మీటింగు మొదలుపెట్టింది. బస్సు పోతే పోయిందని రాత్రివాళ్ళను ఆపి, పగటివాళ్ళను కాస్త ముందుగా రప్పించి, అందరినీ వరండాలో నిలబెట్టింది. ఆయాలు, మగవాళ్ళను చూసే అటెండర్లు, వంట చేసే సతీష్, అందరూ ఉండాలన్నది. మంచం మంచం వరసగా చెప్పాలి. తిన్నారా, నిద్రపోయారా, ఒంటికి రెంటికి పోయారా, ఒళ్ళు ఎక్కడైనా కందిందా, నిన్నటికీ ఇవాళ్టికీ మనిషిలో ఏమైనా తేడా కనబడిందా.

మొదట్లో అది మీటింగులా ఉండేది కాదు, కుళాయి దగ్గర తగాదాలా ఉండేది. నాగవేణి అనే ఆయా, "లక్ష్మీనరసమ్మవ్వ రాత్రి కూడు ఎనక్కి పంపిస్తాంది" అని ఒక్క మాట అంటే చాలు, సతీష్ ఒంటికాలి మీద లేచేవాడు.

"అంటే ఏంది, నా వంట బాగలేదంటావా? మీ ఇంట్లో పెడతాండారా ఇంతకంటే?"

"నీ వంట గురించి ఎవురు మాట్లాడినారు సతీషన్నా? అవ్వ తింటం లేదంటాండా."

ఫర్జానా ఇద్దరినీ ఆపి, లోపలికి పోయి లక్ష్మీనరసమ్మ నోరు తెరిపించి చూసింది. చిగురు మీద పుండు. మెతుకు తగిలితే ప్రాణం పోతున్నంత మంట. మర్నాటి నుంచి సతీష్ ఎవరూ చెప్పకుండానే ఆమెకు అన్నం మెత్తగా గుజ్జు చేసి పంపడం మొదలుపెట్టాడు. ఆ రోజు వరండాలో ఫర్జానా అందరికీ ఒక మాట చెప్పింది.

"ఈడ మనం మాట్లాడేది మంచం మీదుండే మనిషి గురించే. ఎవురు లేటుగా వచ్చినారు, ఎవురు ఎవురి మీద చాడీలు చెప్పినారు, అయ్యన్నీ బయట. ఇంకొకటి. తప్పు జరిగిందని ఈడ నోరు తెరిచి చెప్పినోళ్ళను ఎవురూ ఒక్క మాట అనకూడదు. నేనూ అనను, పైవాళ్ళూ అనరు. అది నా పూచీ."

ఆ పూచీ ఇచ్చేటప్పుడు తన చేతిలో ఏముందో, ఏం లేదో ఆమె ఆలోచించలేదు. అనాలనిపించింది, అన్నది.

నెమ్మదిగా మీటింగు దారిన పడింది. అనవసరపు మాటలు తగ్గాయి. టీ చల్లారేలోపే అయిపోయేది. వీపుల మీద పుండ్లు పడటం తగ్గింది. రాత్రి జ్వరం తగిలిన మనిషికి పొద్దున్నే మందు పడేది. మంచాల మీదివాళ్ళకు కూడా ఆ మీటింగు సంగతి తెలిసిపోయింది. లక్ష్మీనరసమ్మ అయితే తన మంచం మీంచి వరండా వైపు చెవి పెట్టి వినేది.

ఆమె ఆ ఫ్యాక్టరీలోనే వయసంతా పలకలకు చెక్క చట్రాలు బిగించిన మనిషి. రాతి పొడి పీల్చి పీల్చి ఊపిరి సగమే ఆడేది. కాళ్ళు పట్టు తప్పాక కొడుకు కృష్ణ తెచ్చి చేర్చాడు. అతను ఆటో నడుపుతాడు, భార్య బట్టల దుకాణంలో పనికి పోతుంది.

"నేను కూచోని పనిజేసింది ఈ మూలనే సిస్టరమ్మా" అనేది లక్ష్మీనరసమ్మ. "నా మంచం గూడ సరింగ ఆడనే ఏసినారు సూడు. అప్పుడు మేస్త్రీ తిట్టేవోడు, ఇప్పుడు నాగవేణి తిడతాంది. అంతే తేడా." అని నవ్వబోయి దగ్గుతో ఉక్కిరిబిక్కిరి అయ్యేది. నాగవేణి ఆమెకు చాటుగా ఆకువక్క దంచి పెడుతుందని ఫర్జానాకు తెలుసు. తెలియనట్టు ఉండేది.

మగవాళ్ళ వైపు రాత్రి డ్యూటీ ఇమ్మానుయేలుది. రాచర్ల దగ్గరి పల్లె. నెమ్మదస్తుడు, సన్నగా కీర్తన పాడుకుంటూ ముసలివాళ్ళ ఒళ్ళు తుడిచేవాడు. ఒకరోజు పొద్దున వరండాలో తన వంతు వచ్చినప్పుడు అతను మాత్రల అట్ట ఒకటి ముందుకు చాపాడు.

"సిస్టర్, తప్పు జరిగింది. రాత్రి గంగయ్య తాతకు పక్క మంచం పెద్దాయన మాత్ర ఏసినా. షుగరు మాత్ర. ఇప్పుడు అట్టలు సర్దతాంటే తెలిసింది."

గంగయ్యకు షుగరు లేదు. గొర్రెలు మేపుకునే మనిషి, పక్షవాతంతో కుడిపక్క పడిపోయి, మాట పోయి వచ్చాడు. ఫర్జానా లోపలికి పరుగెత్తింది. గంగయ్య చొక్కా చెమటతో తడిసి ముద్దయి ఉంది. కళ్ళు తేలేశాడు. వేలు గుచ్చి చూస్తే రక్తంలో చక్కెర ఉండవలసినదాంట్లో సగం కూడా లేదు. నరానికి గ్లూకోజు ఎక్కించింది. ఇమ్మానుయేలు ఆయన రెండు అరికాళ్ళూ రుద్దుతూ ఏడుస్తూనే ఉన్నాడు. ఎండ వరండాలోకి వచ్చేసరికి గంగయ్య కళ్ళు తెరిచి, అందరినీ అయోమయంగా చూసి, ఎడమ చేత్తో మూతి తుడుచుకున్నాడు.

"నువ్వు చెప్పబట్టి బతికినాడు" అన్నది ఫర్జానా. "ఇంకాసేపు దాచి ఉంటే మనిషి దక్కేవోడు కాదు."

అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ కథే లేదు. కానీ మనిషి కన్నవాళ్ళకో, కడుపున పుట్టినవాళ్ళకో సంగతి తెలియాలన్నది ఫర్జానా నమ్మకం. గంగయ్య కూతురు అనురాధ గిద్దలూరులో ప్రైవేటు బడిలో టీచరు. ఫర్జానా ఆమెకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. మధ్యాహ్నానికల్లా అనురాధ వచ్చి, తండ్రి మంచం దగ్గర కూలబడి ఏడ్చింది. ఏడుపు అయ్యాక ఏడ్చిన కళ్ళతోనే మేనేజరు గోవర్ధన్ గదిలోకి పోయింది. తలుపు వేసి ఉన్నా ఆమె గొంతు మంచాల దాకా వినిపించింది.

మరుసటి రోజు పొద్దున గోవర్ధన్ మొట్టమొదటిసారి మీటింగుకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను. అందరూ ఒక అడుగు వెనక్కి జరిగారు.

"మిమ్మల్ని నమ్మి మనుషుల్ని అప్పజెప్పి పోతాండారు జనం" అన్నాడు. "ఏ మాత్ర ఎవరికెయ్యాలో తెలియనోళ్ళు ఈడ ఉండాల్సిన పని లేదు. ఇమ్మానుయేలు, నువ్వు ఇంటికి పో. ఇంక రాబాక."

ఇమ్మానుయేలు గోవర్ధన్ వైపు చూడలేదు. ఫర్జానా వైపు చూశాడు. అతనొక్కడే కాదు, అందరూ ఆమెనే చూశారు.

"సార్, లోపల మాట్లాడదాం" అన్నది ఫర్జానా.

"లోపల మాట్లాడేదేముంది? నువ్వు చెప్పు సిస్టర్, తప్పు జేసినాడా లేదా?"

ఆమెకు చెప్పవలసిన మాట తెలుసు. అది నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆ చూపుల మధ్య, ఆ ఫోను పట్టుకున్న చేతి ముందు, ఇంట్లో చూపు లేని తల్లి గుర్తొచ్చి, తల దించుకుంది. ఇమ్మానుయేలు దండెం మీదున్న తన తువ్వాలు తీసుకుని, చెప్పులు తొడుక్కుని రోడ్డు మీదికి నడిచిపోయాడు.

తర్వాత ఆమె గోవర్ధన్ గదికి పోయింది. ఆయనకూ నిద్ర లేదని ముఖం చూస్తే తెలుస్తోంది.

"అనురాధ కలెక్టరాఫీసుకు పోతానంటాంది" అన్నాడు. "తనిఖీ వచ్చిందంటే ఇది మూసేస్తారు. అప్పుడు ఈ ముసలోళ్ళనంతా యాడ పడేద్దాం? ఒక మనిషిని పంపిస్తే ఇంతమంది నిలబడతారు. నువ్వే లెక్కేసుకో."

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఫర్జానా చేయి పెట్టలేదు. రహమత్బీ తడుముకుంటూ వచ్చి కంచంలోకి వేలు పెట్టి చూసింది.

"క్యా హువా బేటా? ఏంది, తినకుండా?"

"మాట ఇచ్చి తప్పినానమ్మీ."

"ఉద్యోగం ఉందా, పోయిందా?"

"ఉంది."

"అయితే తిను" అన్నది తల్లి. అందులో కోపం లేదు, ఓదార్పూ లేదు.

మీటింగు ఆగలేదు. రోజూ అందరూ వచ్చేవారు, వరసగా నిలబడేవారు. ఫర్జానా ఒక్కో మంచం పేరు చెప్పేది.

"బాగుంది సిస్టర్."

"ఈయన?"

"బాగున్నాడు సిస్టర్."

"నిన్నటి జ్వరం?"

"ఏం లేదు సిస్టర్. అంతా బాగుంది."

టీ పొగలు ఆగకముందే అయిపోయేది. గోవర్ధన్ అప్పుడప్పుడు తలుపు దగ్గర నిలబడి చూసి, మీటింగు చక్కగా జరుగుతోందని తల ఊపేవాడు. ఫర్జానాకు మాత్రం బావిలోకి రాయి వేసి చప్పుడు కోసం నిలబడ్డట్టు ఉండేది. ఒకరోజు దుప్పటి మారుస్తూ ఒక పెద్దావిడ నడుం కింద అరచేయంత నల్లటి పుండు చూసింది. అది ఒక్క రోజులో పడేది కాదు. మర్నాడు అడిగితే అందరూ నేల చూశారు. ఆమె గట్టిగా అడగలేకపోయింది. గట్టిగా అడిగే హక్కు పోయిందని ఆమెకే తెలుసు.

ఇమ్మానుయేలు జాగాలో ఇంకొకరిని తీసుకోలేదు. పగటి అటెండరు మాల్యాద్రి ఒక్కడే మగవాళ్ళ వైపు రెండు పూటలూ లాగుతున్నాడు. ఇదివరకు బరువైనవాళ్ళను లేపాలంటే ఆయాలు ఇమ్మానుయేలును కేకేసేవాళ్ళు. ఇప్పుడు ఎవరికి వాళ్ళే లేపుకుంటున్నారు.

ఒక ఉదయం మీటింగులో లక్ష్మీనరసమ్మ పేరు వచ్చినప్పుడు నాగవేణి, "బాగుంది సిస్టర్. రాత్రి నిద్ర లేదు, ఇప్పుడే కునుకు పట్టింది" అన్నది. గొంతులో ఏదో తేడా. ఫర్జానా విన్నది. విని, తర్వాతి మంచానికి పోయింది.

ఆ పగలు చూడటానికి పోతే ముసలమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"ఏమవ్వా, ఇయ్యాల మాటల్లేవు?"

"ఏం లేదమ్మా. వయసు."

మరుసటి రోజు సతీష్ వంటింటి గుమ్మంలో నిలబడి, ఎవరితోనో అన్నట్టుగా, "అవ్వ గంజి గూడ ముట్టలా" అన్నాడు. మీటింగులో అనలేదు, మీటింగు అయ్యాక అన్నాడు. ఫర్జానా నేరుగా ఆమె మంచం దగ్గరికి పోయి దుప్పటి లాగింది. లక్ష్మీనరసమ్మ వద్దని చేయి అడ్డం పెట్టింది, కానీ ఆ చేతిలో బలం లేదు. ఎడమ కాలు పొట్టిగా అయి, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. తుంటి దగ్గర నుంచి తొడ సగం దాకా నేరేడు పండు రంగులో కమిలిపోయింది. దుప్పటి కదిలినందుకే ముసలమ్మ పళ్ళు లేని చిగుళ్ళు బిగించి కళ్ళు మూసుకుంది. ఆ నొప్పిని అంతసేపు ఎట్లా భరించిందో, పైకి మూలుగు రాకుండా ఎట్లా ఆపుకుందో ఫర్జానాకు అర్థం కాలేదు.

"ఎప్పుడు పడినావు అవ్వా?"

లక్ష్మీనరసమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. వేళ్ళు కాలుతున్నాయి.

"దాన్ని ఏం అనబాకండి సిస్టరమ్మా. బిడ్డలు గలది. తల్లో పేలు జూసి పెడతాది నాకు. దాని కూడు తియ్యబాకండి."

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. తుంటి ఎముక విరిగింది. ఒంగోలు తీసుకుపోయి ఆపరేషను చేయించాలన్నారు, కానీ అప్పటికే ఛాతీలో నెమ్ము చేరింది. ఆ ఊపిరితో మత్తు ఇస్తే లేవదన్నారు. పడిన రోజే తెచ్చి ఉంటే, నెమ్ము చేరకముందు ఏదైనా చేసి ఉండేవాళ్ళమని డాక్టరు అన్నాడు. కచ్చితంగా బతికేదని అనలేదు. ఆ 'ఏదైనా' అన్న మాట ఫర్జానా లోపల ముల్లులా ఉండిపోయింది. కృష్ణ రెండు రోజులు తల్లి పక్కనే ఉన్నాడు. మూడో రోజు ఇంటికి పోయి స్నానం చేసి వద్దామని వెళ్ళిన కాసేపటికి లక్ష్మీనరసమ్మ పోయింది.

కృష్ణకు ఫోన్ చేశారు. అతను వచ్చేలోగా ఆసుపత్రి వరండాలో గోవర్ధన్ మెల్లగా అన్నాడు.

"నిద్రలో మంచం మీంచి జారింది. అంతే. అందరిదీ ఒకటే మాట ఉండాల. ఇంకో గొడవను ఈ ఆశ్రమం తట్టుకోలేదు."

నాగవేణి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. రమ్మని ఎవరూ పిలవకుండానే వచ్చింది. ఫర్జానా గోవర్ధన్‌కు ఔననలేదు, కాదనలేదు. ఇంతకుముందు తను నిజం చెబితే అది పోయి ఇమ్మానుయేలు మెడకు చుట్టుకుంది. ఇప్పుడు చెబితే నాగవేణి మెడకు చుట్టుకుంటుంది. చెప్పకపోతే చచ్చిపోయిన మనిషికి అన్యాయం. ఎటు చూసినా దారి లేదు.

కృష్ణ ఖాకీ చొక్కా బొత్తాలు సరిగ్గా పెట్టుకోకుండానే వచ్చాడు. లోపలికి పోయి తల్లి ముఖం చూసి, బయటికి వచ్చి, "ఇన్నాళ్ళూ అడగలా. ఇప్పుడు చెప్పండి. ఎట్ల పడింది మా అమ్మ?" అన్నాడు.

"నిద్రలో మంచం మీంచి..." అని గోవర్ధన్ మొదలుపెట్టాడు.

"కాదు క్రిష్ణన్నా." నాగవేణి గోడ పట్టుకుని లేచింది. "నా చేతిలోంచి పడింది. స్నానానికని కుర్చీలోకి ఎక్కిస్తాంటే జారిపోయింది. నేను పట్టుకోలేకపోయినా."

కృష్ణ చేయి లేచింది. చెంపదెబ్బ చప్పుడుకు వరండాలోని జనం అంతా తిరిగి చూశారు. నాగవేణి చెంప తడుముకోలేదు, అట్లాగే నిలబడింది. కొట్టిన చేతిని కృష్ణ తనదే కానట్టు చూసుకుని, బెంచీ మీద కూలబడ్డాడు.

"పడితే పడింది. మనిషే గదా, జారతాది" అన్నాడు కాసేపటికి. "ఆ పొద్దే ఎందుకు చెప్పలేదక్కా? అన్ని గంటలు ఆ ఎముకతో పండబెట్టినారే!"

"చెప్తే పనిలోంచి తీసేస్తారని."

"ఎవురు తీసేస్తారు?"

ఫర్జానా ముందుకు వచ్చింది. గోవర్ధన్ ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఈసారి ఆమె తల దించుకోలేదు. అయితే అందులో ధైర్యం ఏమీ లేదు. పోవలసింది పోయింది, ఇంక భయపడేందుకు ఏం మిగల్లేదు.

"ఇంతకుముందు ఒకాయన తప్పు జరిగిందని చెప్పినాడు క్రిష్ణా. చెప్పినందుకు ఒక ప్రాణం నిలబడింది. చెప్పినోన్ని మేం పంపించేసినాం. ఎవుర్నీ ఏమీ అనరని మాట ఇచ్చిందాన్ని నేను. ఆయన్ను పంపిస్తాంటే ఆడే నిలబడి నోరు మూసుకున్నా. అప్పట్నుంచి ఎవురూ ఏదీ చెప్పడం లేదు. నాకు తెలుసు. తెలిసీ రోజూ మీటింగు పెడతా వచ్చినా."

కృష్ణ తప్పుగా పెట్టుకున్న చొక్కా బొత్తాలు విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు.

"కేసేం పెట్టను" అన్నాడు చివరికి. "పెడితే మా అమ్మ లేచొస్తాదా. కానీ మీరెవురూ మట్టి ఏసేదానికి రాబాకండి. మీ మొగాలు నేను చూడలేను."

వాళ్ళు వెళ్ళలేదు. నాగవేణి మాత్రం పోయి శ్మశానం బయట రోడ్డు మీద, కంపచెట్ల పక్కన నిలబడి ఉందని తర్వాత ఎవరో చెప్పారు. ఆమె మళ్ళీ ఆశ్రమానికి రాలేదు. తీసేసే పని కూడా గోవర్ధన్‌కు పెట్టలేదు.

ఫర్జానా మరుసటి రోజు గోవర్ధన్ గదికి పోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీటింగులో చెప్పిన మాటకు ఇంకొక్క మనిషి బయటికి పోయినాడంటే, ఆ రోజే నేనూ పోతా. పోయేముందు ప్రతి ఇంటికీ ఫోన్ చేసి ఎందుకు పోతాండానో చెప్పి పోతా."

"నన్ను దెయ్యాన్ని చేస్తాండారు మీరంతా" అన్నాడు గోవర్ధన్. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. జోడు లేకుండా ఆ ముఖం ముసలిగా ఉంది. "రేపట్నుంచి నేను మీటింగు దరిదాపులకు రానులే."

"అట్ల కాదు సార్. రండి. వచ్చి నిలబడి, వినండి. ఊరికే వినండి."

ఆదివారం ఆమె ఆటో ఎక్కి రాచర్ల పోయి, ఇమ్మానుయేలు ఊరు వెతుక్కుంటూ వెళ్ళింది. అతను మేకల దొడ్డి ఊడుస్తున్నాడు. ఆమెను చూసి చీపురు పక్కన పెట్టి, మంచం వాల్చి, మజ్జిగ తెచ్చి ఇచ్చాడు.

"గంగయ్య తాత ఎట్లుండాడు సిస్టర్?"

"ఉండాడు. నీ కోసం చూస్తాడనుకుంటా. ఎవురైనా ఒళ్ళు తుడుస్తాంటే తల తిప్పి మొగం చూస్తాడు."

ఇమ్మానుయేలు నవ్వబోయి ఆగిపోయాడు. లక్ష్మీనరసమ్మ సంగతి అప్పటికే విన్నాడు. ఆమె తిరిగి రమ్మని అడిగింది. గోవర్ధన్‌తో మాట్లాడానని, ఈసారి అట్లా జరగదని చెప్పింది.

"నేను రాను సిస్టర్" అన్నాడు. "మీ మీద కోపం లేదు. ఆ పొద్దు మీరు తల దించుకున్నారు సూడండి, అది గుర్తొస్తే నాకు కోపం రాదు, భయమేస్తాది. మీరే అట్లయితే ఇంక ఎవుర్ని నమ్మాల? ఈ మేకలతో బాగుండా. ఒకటి జబ్బు పడితే నేనే చూసుకుంటా, నేనే ఏడుస్తా."

ఆమె గ్లాసు కింద పెట్టి లేచింది. అతను ఆటో దాకా వచ్చి సాగనంపాడు.

మీటింగు రోజూ జరిగింది. ఫర్జానా ఇప్పుడు ముందు తన సంగతితోనే మొదలుపెట్టేది. నిన్న ఫలానా ఆయన కట్టు మార్చడం మర్చిపోయానని, ఫలానా ఆవిడ పిలిస్తే విసుక్కున్నానని. నిజంగా జరిగినవే చెప్పేది, కల్పించి చెప్పేది కాదు. వాళ్ళు వినేవారు. ఎవరూ ఏమీ కలిపేవారు కాదు. నాగవేణి స్థానంలో యేసమ్మ అని ఒక కొత్త ఆయా వచ్చింది, ఆమె కూడా పాతవాళ్ళను చూసి, "బాగుంది సిస్టర్" అనడం నేర్చుకుంది. గోవర్ధన్ వచ్చి తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఎండాకాలం వచ్చింది. షెడ్డు రేకులు పొద్దున్నే కాలడం మొదలైంది. వేడికి తట్టుకోలేక ఇంకొకరు పోయారు, అందులో ఎవరి తప్పూ లేదు. అయినా ఆ చావుకు కూడా అందరూ దొంగల్లా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

ఒక ఉదయం ఫర్జానా తన మాట చెప్పి ముగించగానే మాల్యాద్రి, "సిస్టర్" అన్నాడు. నలభై దాటిన మనిషి, బండలా ఉంటాడు.

"అవ్వను నాగవేణక్క ఒక్కతే మంచం ఎక్కియ్యలేదు. కింద పడినాక నన్ను పిలిచింది. ఇద్దరం కలిసి ఎత్తినాం. నాగవేణక్క నా పేరు ఎవురికీ చెప్పలా. దెబ్బ గూడ ఆమే తిన్నది."

కాళ్ళు పట్టు తప్పిన ఆ ముసలమ్మ బరువును నాగవేణి ఒంటిచేత్తో ఎట్లా పైకి లేపిందో తనకెన్నడూ అనుమానం రాలేదని ఫర్జానా అబద్ధం చెప్పుకోలేకపోయింది. అనుమానం వచ్చింది. అడగడానికి ధైర్యం లేక వదిలేసింది.

"ఎత్తేటప్పుడు అవ్వ ఏమన్నది?"

"అరిచింది సిస్టర్. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టినా, ఎవురైనా ఇంటారని." మాల్యాద్రి ఆ అరచేతిని చూసుకున్నాడు. "మంచం ఎక్కినాక ఆమే అన్నది, ఎవురికీ చెప్పబాకండిరా అని. ఇంటికి పోయినా నిద్ర రావటం లేదు నాకు."

అందరి చూపులూ తలుపు దగ్గరికి పోయాయి. గోవర్ధన్ కట్టుకున్న చేతులు విప్పాడు. ఏదో అనడానికి నోరు తెరిచాడు. ఫర్జానా ఆయననే చూస్తూ నిలబడింది. ఆయన నోరు మూసుకుని, గోడకున్న క్యాలెండరు వైపు తిరిగి దాన్ని చదువుతున్నట్టు నిలబడ్డాడు. వెళ్ళిపోలేదు.

"కూర్చో మాల్యాద్రీ" అన్నది ఫర్జానా. సతీష్ వంటింట్లోంచి నీళ్ళు తెచ్చి అతనికి ఇచ్చాడు. మాల్యాద్రి తాగలేదు, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. పరవాలేదని అనడానికి ఆమెకు నోరు రాలేదు, ఎందుకంటే పరవా ఉంది. ఒక మనిషి చచ్చిపోయింది. కాబట్టి ఆమె మొదటి మంచం పేరు చెప్పింది.

యేసమ్మ కొంగు వేలికి చుట్టుకుంది.

"వీపు మీద కందింది సిస్టర్. ఎర్రగా. నిన్ననే చూసినా, చెప్పలా."

"ఎంత ఉంది?"

"రూపాయి బిళ్ళంత."

"పద, చూద్దాం" అని ఫర్జానా లోపలికి నడిచింది. వెనక అందరి చెప్పుల చప్పుడు వినిపించింది.